మూడో నంబరు ప్రెస్సుకు పొద్దుటి జబ్బు

ఇరవై ఏడోసారి హ్యాండిలు దించినప్పుడు కూడా స్లయిడు బుద్ధిగా వెనక్కి వచ్చింది. ఇరవై ఎనిమిదోసారి రాలేదు. సగం దూరం వచ్చి, సభలో మాట మరిచిపోయిన వక్తలాగ, అక్కడే నిలబడిపోయింది.

అమరేశ్వరరావు హ్యాండిలు మీది చెయ్యి తీయకుండా గోడ గడియారం వైపు చూశాడు. ఆరూ యాభై రెండు. ఇది పందొమ్మిదో ఉదయం. మొన్న ముప్పై ఒకటో దెబ్బకు ఆగింది, నిన్న ఇరవై ఆరుకు. ఒకే అంకె దగ్గర ఆగినా అందులో ఒక నీతి ఉండేది. శత్రువుకు ఒక నియమం ఉందన్న తృప్తి అయినా మిగిలేది. అతను వేలితో స్లయిడును నెట్టాడు. అది ఏమీ ఎరగనట్టు జారి తన చోటికి చేరుకుంది.

మూడో నంబరు ప్రెస్సు హామిల్టన్ నగరంలో, బార్టన్ స్ట్రీటుకు ఉత్తరాన, స్టీలు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపించే దూరంలో, ఒక రేకుల షెడ్డులో చెక్కబల్లకు బిగించి ఉంటుంది. ఎత్తు రెండడుగులు. ఒకప్పుడు నీలంరంగు, ఇప్పుడు చేతులు తగిలిన చోటల్లా ఉత్త ఇనుము రంగు. శని ఆదివారాల్లో తుపాకీ క్లబ్బుల పెద్దమనుషులు కాగితపు శత్రువులను సంహరించగా మిగిలిన ఖాళీ ఇత్తడి గొట్టాలు బకెట్లకొద్దీ ఈ షెడ్డుకు వస్తాయి. ముందు స్నానం చేస్తాయి. తర్వాత ఈ ప్రెస్సు కింద వరసగా కూర్చుంటాయి. హ్యాండిలు ఒకసారి దించి ఎత్తితే గుండ్రటి పళ్ళెం ఒక అంగ తిరుగుతుంది. ఒకచోట గొట్టం పాత ప్రైమరును విడిచిపెడుతుంది, తర్వాతి చోట కొత్తది తొడుక్కుంటుంది, ఆ పక్కన తుపాకి మందు పోయించుకుంటుంది, చివరికి నెత్తిన గుండు పెట్టుకుని కొత్త తూటాగా లేచి వస్తుంది. మనిషి వదిలించుకోలేక యుగాలుగా ఏడుస్తున్న పునర్జన్మ ఇక్కడ ఇత్తడికి గంటకు నాలుగు వందల చొప్పున దొరుకుతుంది.

ఇంతటి మహాకార్యంలో అతి చిన్న ఉద్యోగి ప్రైమరు. కందిబద్దంత ఇత్తడి టోపీ అది. తుపాకిలోని సూది దాన్ని పొడిస్తేనే మందు అంటుకుంటుంది. ఆ టోపీలను ఒక్కొక్కటిగా అందుకుని గొట్టం అడుగుకు మోసుకొచ్చేది స్లయిడు అనే బొటనవేలంత ఉక్కుపలక. పలక పూర్తిగా వెనక్కి వెళ్ళకపోతే టోపీ అందదు. టోపీ లేని గొట్టంలో పోసిన మందు అడుగు కన్నంలోంచి కారి పళ్ళెమంతా ఇసకలా పరుచుకుంటుంది. అప్పుడు పని ఆపి, గింజ కూడా మిగలకుండా బ్రష్షుతో ఊడ్చి, మళ్ళీ మొదలుపెట్టాలి. అక్టోబరు ఆఖరి వారం నుంచి ప్రతి ఉదయమూ ఇదే తంతు. పదకొండున్నర దాటిందా, ప్రెస్సు సాధువైపోతుంది. సాయంత్రం దాకా ఒక్క తప్పు చెయ్యదు.

అమరేశ్వరరావుకు అరవై రెండేళ్ళు. పొట్టి మనిషి. బూడిదరంగు స్వెటరు, దారంతో మెడకు కట్టుకున్న కళ్ళద్దాలు, చలికి పగిలి నెర్రెలిచ్చిన చేతులు. కుడిచేతి రెండు వేళ్ళకు గోళ్ళు నల్లగా గిడసబారి ఉంటాయి. గుంటూరులో సోడా కంపెనీలో సీసాలకు మూతలు బిగించే యంత్రం ఇచ్చిన బిరుదులవి. పద్నాలుగేళ్ళు అక్కడ హ్యాండిలు దించి ఎత్తిన మనిషి, సముద్రాలు దాటి వచ్చి, పందొమ్మిదేళ్ళుగా ఇక్కడా హ్యాండిళ్ళ సేవలోనే ఉన్నాడు. ఖండాలు మారాయి గాని, పైనుంచి కిందికి నొక్కడమనే విద్య మారలేదు. ఈ షెడ్డులోని మెయింటెనెన్సు శాఖకు అతనే అధిపతి, అతనే సిబ్బంది, అతనే సలహాసంఘం.

ఈ పద్దెనిమిది రోజుల్లో ఆ శాఖ జరిపిన విచారణ సామాన్యమైనది కాదు. స్ప్రింగు మార్చాడు. స్లయిడు తీసి, కొత్తది తెప్పించి వేశాడు. పళ్ళెం విప్పి కడిగాడు. బల్ల వాలిందేమోనని నీటిబుడగ మట్టం పెట్టి చూశాడు. చలికి ఉక్కు కుదించుకుపోతోందేమోనని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మైక్రోమీటరుతో కొలిచి, తేడా వెంట్రుకలో పదోవంతు కూడా లేదని తేల్చి, చలిని సగౌరవంగా విడుదల చేశాడు. ప్రతి నిందితుడి పేరూ, కొలతలూ, నిర్దోషి అన్న తీర్పూ ఫాల్టు రిజిస్టరులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి సంతకం చేశాడు. రోజూ సాయంత్రం వెళ్ళబోయే ముందు స్లయిడును విప్పి, తుడిచి, స్వెటరు లోపలి చొక్కా జేబులోంచి పొడుగు ముక్కున్న చిన్న ప్లాస్టిక్ సీసా తీసి, సరిగ్గా మూడు చుక్కల నూనె వేసి, బిగించి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు గుడ్డ కప్పి వెళ్ళేవాడు.

ఆ సీసా గురించి ఒక మాట చెప్పాలి. అది సోడా కంపెనీ నుంచి అతనితో వలస వచ్చింది. అందులో అతను పోసేది కుట్టుమిషను నూనె. కంపెనీ డబ్బాలోని చిక్కటి నూనె మీద అతనికి గౌరవం లేదు. మూడో నంబరు అన్నిటికంటె పాతది, దాని స్లయిడు మాత్రమే కిచకిచమంటుంది, కాబట్టి ఈ నూనె దానికొక్కదానికే దక్కే ప్రసాదం. గోడ మీద ప్లాస్టిక్ తొడిగిన కాగితంలో ఏడు నిబంధనలున్నాయి. నాలుగోది: కంపెనీ ఇచ్చిన నూనె తప్ప మరే నూనెనయినా ప్రెస్సుల దగ్గరికి తెచ్చినవారికి ఆ రోజే చివరిరోజు. నూనె సోకితే ప్రైమరు చచ్చిపోతుంది; చచ్చిన ప్రైమరున్న తూటా క్లబ్బులో ఎవరి తుపాకిలోనో పేలకుండా మిగిలిపోతుంది. పదకొండేళ్ళ కిందట ఆ నిబంధనలు రచించి, టైపు చేసి, కింద సంతకం పెట్టినవాడు అమరేశ్వరరావే. శాసనం శాసనకర్తకు వర్తిస్తుందా అన్న చిక్కుప్రశ్న ధర్మశాస్త్రాలనే తికమకపెట్టింది. అతను దాని జోలికి పోలేదు.

ఏడు గంటలకు రత్నకుమారి వచ్చింది. జగిత్యాల వైపు మనిషి, ముప్పై నాలుగేళ్ళు. ఆమె భర్త పెద్ద ట్రక్కు నడుపుతూ నెలలో ఇరవై రోజులు పశ్చిమాన ఎక్కడో ఉంటాడు. ఉదయం నుంచి పదకొండున్నర దాకా మూడో నంబరు ఆమెది. మధ్యాహ్నం నుంచి యజమానురాలు డోరీన్ స్వయంగా కూర్చుంటుంది. రత్నకుమారి కోటు విప్పి, చెవులకు కప్పుకున్న ఊలు టోపీ తీసి, చేతులు రుద్దుకుంటూ ప్రెస్సు ముందు నిలబడింది.

“ఇయ్యాల నా చెయ్యి ఎట్లుందో చూస్తరా అంకుల్, లేకుంటే ముందుగాలనే రాసిపెట్టిన్రా?”

అమరేశ్వరరావు హ్యాండిలు వదిలి ఆమెకు చోటిచ్చాడు. పోయిన శుక్రవారం రిజిస్టరులో నిందితుల జాబితా అయిపోయినప్పుడు, విచారణ సంఘం చివరి తీర్పుగా ఇలా రాసింది: యంత్రంలో లోపం లేదు, ఆపరేటరు చేతి ఒత్తిడిలో తేడా. ఉదయం ఆమె కూర్చుంటుంది, ఉదయమే ఆగుతుంది. మధ్యాహ్నం డోరీన్ కూర్చుంటుంది, మధ్యాహ్నం ఆగదు. తర్కశాస్త్రం ఇంతకంటె నిర్దాక్షిణ్యంగా ఎప్పుడూ మాట్లాడి ఉండదు. ఆమె రాకముందు అతని చేతిలోనూ ఆగుతుందన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు. తన చేతి మీద చిన్నప్పటి నుంచి గొప్ప అభిప్రాయమున్న డోరీన్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, వారం గడువిచ్చింది. ఈ శుక్రవారం నాలుగు గంటలలోగా మరో కారణం దొరకకపోతే రత్నకుమారిని పంపేస్తానని ఇద్దరికీ విడివిడిగా చెప్పింది. ఇంకో పది వారాలు నిలబడితే రత్నకుమారికి ఏడాది నిండుతుంది. ఏడాది అనుభవం ఉన్నట్టు కంపెనీ లెటరుంటేనే ఆమె పి.ఆర్.కి, అంటే ఈ దేశంలో శాశ్వతంగా ఉండిపోయే అనుమతికి, అప్లై చేయగలదు. ఈ సంగతి ఆమె ఎప్పుడూ బతిమాలుతున్నట్టు చెప్పలేదు. బస్సు టైము చెప్పినట్టు ఒకసారి చెప్పింది, అంతే.

ఆమె హ్యాండిలు దించింది. అతను వెనక నిలబడి ఆ చేతిని చూశాడు. జొన్నరొట్టె తట్టే చెయ్యి అది. ప్రతి దెబ్బా ముందుదానంత బరువే, ముందుదానంత దూరమే. రొట్టె అంచు ఎక్కడా పలచన కానివ్వని ఆ లెక్క ఆమె మోచేతిలో ఉంది. పోయిన వారం కూడా అతను దీన్ని ఇలాగే చూశాడు. చూసే రాశాడు. ఆ సంగతి తెలిసినవారు షెడ్డులో ఇద్దరే; వారిలో ఒకరు యంత్రానికి ఎదురుగా, మరొకరు వెనక ఉన్నారు.

ముప్పై మూడు. స్లయిడు ఆగింది. మందు కారింది. రత్నకుమారి బ్రష్షు అందుకుంది.

“ఆ వాసన ఇంక వస్తనే ఉంది,” అంది ఊడుస్తూ. “మా అమ్మ పొద్దుగాల జడేసే వాసన. మీకెందుకు రాదో మరి.”

ఈ మాట ఆమె మొదటి వారంలోనే చెప్పింది. ఊరు గుర్తొస్తోందమ్మా నీకు, లేకపోతే నీ తలనూనే నీకు తగులుతోంది అని అతను పెద్దరికంగా నవ్వి తేల్చేశాడు. తను తలకు షాంపూ తప్ప ఏమీ పెట్టనని ఆమె అన్నది అతను రిజిస్టరులో నమోదు చేయలేదు. ఈసారి అతను నవ్వలేదు. ప్రెస్సు మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చాడు. చల్లటి గాలి వచ్చింది. గాలి మాత్రమే వచ్చింది. కోవిడు వచ్చి పోయినప్పటి నుంచి అతనికి గాలి తప్ప మరేమీ తెలియదు. కాఫీ, సాంబారు, బస్సులో పక్కవాడి అత్తరు, అన్నీ ఒకటే. తుపాకి మందు నిలవుండే గదిలో పనిచేసేవాడికి ముక్కు కళ్ళకంటె ముఖ్యం కనక ఈ విషయం అతను ఎవరికీ చెప్పలేదు. మొదట్లో రేపో మాపో తిరిగి వస్తుందనుకున్నాడు. తర్వాత అనుకోవడం మానేశాడు.

ఎనిమిదిన్నరకు మూడుసార్లు ఆగింది. తొమ్మిదికి అతను రత్నకుమారిని గొట్టాలు ఏరే బల్ల దగ్గరికి పంపి, పనిగంటల్లో ఎన్నడూ చేయని పనికి పూనుకున్నాడు. మూడో నంబరును మొత్తంగా విప్పడం. ఇంతకుముందు విప్పినవన్నీ సాయంత్రపు పనులు. యంత్రం రోజంతా కష్టపడి ఒళ్ళు వెచ్చబడ్డాక చేసినవి. ఈ రోజు గడువు రోజు. మైనాకుణ్ణి సముద్రంలోంచి లాగినట్టు ప్రెస్సును బల్ల అంచుకు లాగి, తను కిందికి దూరి వెల్లకిలా పడుకున్నాడు. జేబులోని సీసా పక్కటెముకల్లో గుచ్చుకుంది. విసుక్కుని తీసి, చెయ్యి చాపి కిటికీ గట్టు మీద పెట్టాడు. కిటికీకి ఒంటి అద్దం. లోపలి వైపే మంచు పొరకట్టి ఉంది.

రెండు గంటలు. పదహారు బోల్టులు. పద్నాలుగు సులువుగా వచ్చాయి. పదిహేనోది ఊడిరావడానికి ముందు అతని బొటనవేలి చర్మం కొంత కప్పంగా తీసుకుంది. పదహారోది ఎంతకీ రాలేదు. కింద పడుకుని దాన్ని, దాన్ని చేసినవాణ్ణి, కనిపెట్టినవాణ్ణి, వరసగా వెనక్కి వెళ్ళి ఇనుమును మొదట కరిగించిన ఆదిమానవుణ్ణి గుంటూరు భాషలో తిట్టుకున్నాడు. పాలు, పంచదార రెండింతలు వేసిన డబుల్-డబుల్ కాఫీ పట్టుకుని అటు వచ్చిన డోరీన్ బల్ల కింద కాళ్ళు మాత్రమే కనిపించే మెయింటెనెన్సు శాఖను కొంతసేపు చూసింది. నాలుగింటి మీటింగు ఉన్నట్టేనని ఆ కాళ్ళకు చెప్పి వెళ్ళింది.

విప్పిన ప్రతి భాగమూ నిర్దోషిగా బయటపడింది. అతను ఒక్కొక్కదాన్నీ వెలుతురుకు పట్టి చూసి, తుడిచి, తిరిగి బిగించాడు. ఏమీ దొరకలేదు. ఏమీ దొరకకపోవడమంటే ఏమిటో అతనికి తెలుసు. గొట్టాలు ఏరే బల్ల దగ్గర ఇత్తడి చప్పుడు లయ తప్పకుండా వినిపిస్తూనే ఉంది. చివరికి స్లయిడు ఒకటి మిగిలింది. దానికి నూనె వేయాలని కిటికీ గట్టు మీదికి చెయ్యి చాపాడు.

సీసా నొక్కాడు. చుక్క రాలేదు.

ముక్కు మూసుకుపోయిందనుకుని సూదితో పొడిచాడు. మళ్ళీ నొక్కాడు. సీసా నొక్కుడుపడలేదు. కళ్ళద్దాలు పైకి జరుపుకుని వెలుతురుకు పట్టుకుని చూశాడు. లోపల పాలరాయిలాంటి తెల్లటి ముద్ద.

కుట్టుమిషను నూనె మైనస్ ఇరవైలో కూడా గడ్డకట్టదు. ఈ సంగతి అతనికి తెలుసు. పొద్దున గడ్డకట్టి, ఎండెక్కాక కరిగే తెల్లటి నూనె ఏదో కూడా తెలుసు. చిన్నప్పుడు మాఘమాసంలో సీసాను ఎండలో పెట్టి కాపలా కాసిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. అతను ఆ సీసాను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలవాటు. చల్లటి గాలి.

మందు గదిలో ఫోను తేకూడదు. లంచ్ రూములోకి వెళ్ళి, ఒక చేత్తో సీసా పట్టుకుని, ఇంకో చేత్తో సరోజకు ఫోను చేశాడు. ముప్పై నాలుగేళ్ళ సంసారంలో పనిగంటల్లో భార్యకు ఫోను చేయడం అది మూడోసారి.

“ఏవండీ, ఒంట్లో బాగుందా?”

బాగానే ఉందన్నాడు. తన నూనె సీసాలో ఏం పోసిందని అడిగాడు.

“కొబ్బరినూనె. మొన్న దసరా వెళ్ళాక ఖాళీగా పొయ్యి గట్టున పెట్టారు కదా. చేతులు పగిలి మంట అన్నారు కదా అని, నింపి మీ చొక్కా జేబులో పెట్టాను. ఎందుకూ, అయిపోయిందా?”

ఖాళీ సీసా తెల్లారేసరికి నిండి ఉండడం అతను చూశాడు. రాత్రి తనే నింపి మరిచిపోయాననుకున్నాడు. ఆ తర్వాత రోజూ జేబులో, పక్కటెముకల వెచ్చదనంలో, అది నీళ్ళలా తేటగానే ఉంది. రోజూ సాయంత్రం, షెడ్డు వేడెక్కి ఉన్న వేళ, మూడు చుక్కలు ఎంతో భక్తిగా వేశాడు. రాత్రి డోరీన్ హీటరు తగ్గించి వెళ్ళాక అవి స్లయిడు కింద మైనంలా గట్టిపడేవి. తెల్లారి హ్యాండిలు దెబ్బలకు పలక అడుగున పేరుకుని, ఇరవై ఎనిమిదో ముప్పయ్యో దెబ్బకు దాని కాళ్ళు పట్టుకునేవి. పదకొండున్నరకు వెచ్చదనం వచ్చి కరిగేవి. సాయంత్రం అతను పాతది తుడిచి, కొత్తది వేసేవాడు. వైద్యుడు రోజూ మూడు చుక్కలు పోసింది మందు కాదు, జబ్బు.

“చేతులకు బాగుంటోందా అండీ ఆ నూనె?”

“బాగుంది,” అన్నాడు అమరేశ్వరరావు. “చాలా బాగుంది.”

ఫోను పెట్టేశాక కాసేపు కుర్చీలో కూర్చున్నాడు. దారులు వెతికాడు. స్ప్రింగు అరిగిందని రాయవచ్చా? స్ప్రింగు కొత్తదని తనే రాశాడు. స్లయిడు వంగిందనవచ్చా? స్లయిడు మార్చినట్టు తేదీతో సహా ఉంది. చలి మీద నెట్టవచ్చా? చలిని మైక్రోమీటరు సాక్ష్యంతో విడుదల చేసింది తనే. పద్దెనిమిది రోజుల నిష్కళంకమైన విచారణలో అతను యంత్రంలోని ప్రతి అణువుకూ నిర్దోషి పత్రం ఇచ్చేశాడు. తను దూరి తప్పించుకోవడానికి అందులో సూది మోపినంత సందు కూడా మిగల్చలేదు. ఇంత పకడ్బందీ బోను ఇంతవరకు ఎవరూ తమ కోసం కట్టుకుని ఉండరు. మిగిలినవి రెండే: ఆమె చెయ్యి, తన సీసా. ఇంకో సంగతి కూడా ఉంది. అల్మారాల్లో నాలుగు వారాల తూటాలున్నాయి. వాటిలో ఎన్నిటి ప్రైమర్లను కరిగిన కొబ్బరినూనె తాకిందో ఎవరూ చెప్పలేరు.

అతను స్లయిడును తుడవలేదు. అలాగే బిగించాడు. ఒంటిగంటకు డోరీన్ వచ్చి ప్రెస్సు ముందు కూర్చోగానే, ఒక్క అరగంట ఓర్చుకోమని చెప్పి, వెనక పెద్ద తలుపు బార్లా తెరిచాడు. నవంబరు లోపలికి వచ్చింది. గోడ మీది థర్మామీటరు ఇరవై అయిదు నుంచి పదకొండుకు దిగింది. డోరీన్ తన పెద్ద కోటు తొడుక్కుని, పిచ్చిపట్టిందా అన్నట్టు అతన్ని చూస్తూ, హ్యాండిలు దించసాగింది. రత్నకుమారి చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. లోలోపల లెక్కపెడుతోందని పెదవుల కదలికను బట్టి తెలుస్తోంది.

ఇరవై తొమ్మిదో దెబ్బకు స్లయిడు ఆగింది. జీవితంలో మొట్టమొదటిసారిగా డోరీన్ చేతి కింద మందు కారింది.

ఆమె తన చేతిని తిప్పి చూసుకుంది. రత్నకుమారి బ్రష్షు తీసి మర్యాదగా యజమానురాలికి అందించింది.

అమరేశ్వరరావు స్లయిడు విప్పి, ద్రావకంతో కడిగి, ఆరబెట్టి, పందొమ్మిదేళ్ళలో మొదటిసారి దానికి కంపెనీ డబ్బాలోని నూనె వేశాడు. తలుపు తెరిచే ఉంది. ఇప్పుడు రత్నకుమారిని కూర్చోమన్నాడు. ఆమె కోటు గుండీలన్నీ పెట్టుకుని, ఊలు టోపీ దిగలాక్కుని కూర్చుంది. వంద. రెండు వందలు. మూడు వందలు. కిచకిచమన్న చప్పుడు కొంచెం వినిపించింది గాని ఎక్కడా ఆగలేదు. మూడు వందల యాభై దగ్గర డోరీన్ లేచి వెళ్ళి తలుపు వేసింది.

అప్పుడతను సీసాను ఆమె ముందు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆమె మూత తీసి వాసన చూసి, దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది. ఇంత వాసన వస్తుంటే నీకు ఎలా తెలియలేదని అడిగింది. అతను దానికీ ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. డోరీన్ చాలాసేపు గోడ మీది ఏడు నిబంధనలను, వాటి కింద ఉన్న సంతకాన్ని చూసింది. కోపంగా లేదు. అల్మారాలోని బాక్సులన్నీ ఆపాలని, ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని, ఆ అధికారి మొదట అడిగేది ఏ నూనె అని కాదు, ముక్కు పనిచేయని మనిషిని మందు గదిలో ఎన్నేళ్ళు ఉంచావనేనని, తన చేతుల్లో ఏమీ లేదని చెప్పింది. చెబుతున్నంతసేపూ తన చేతుల వైపే చూసుకుంది. అతను తల ఊపాడు. ఆమె కష్టపడకుండా చూడటం కూడా మెయింటెనెన్సు కిందికే వస్తుందనుకున్నాడేమో, నాలుగు దాకా ఎందుకు, రిజిస్టరు రాసి వెళతానన్నాడు.

రాయడానికి పావుగంట పట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే ముత్యాలు. రత్నకుమారి వచ్చి భుజం పక్కన నిలబడింది.

“నా చెయ్యి మంచిగ లేదని రాసిన పేజీ ఉంటదా, చింపుతరా?”

“రిజిస్టర్లో పేజీలు చింపకూడదమ్మా. దాని కింద రాశాను, చదువుకో.”

ఆమె చదివింది. పై తీర్పు తప్పనీ, ఆపరేటరు చెయ్యి మొదటి రోజు నుంచీ సరిగ్గానే ఉందనీ, ఆ సంగతి రాసినవాడికి రాస్తున్నప్పుడే తెలుసనీ ఇంగ్లీషులో ఉంది. ఆఖరి ముక్కను ఆమె రెండోసారి చదివింది.

“తెలిసే రాసిన్రా అంకుల్?”

“తెలిసే రాశానమ్మా.”

రత్నకుమారి అతని ముఖంలోకి చూసింది. క్షమించినట్టు లేదు. క్షమించాలని అతనూ అడగలేదు. స్టీలు ఫ్యాక్టరీ వైపు నుంచి మధ్యాహ్నపు షిఫ్టు ట్రక్కులు పోతున్న చప్పుడు వినిపించింది.

“జడ వాసన అని చెప్తే, ఊరు యాదికొస్తుందన్నరు నాకు,” అందామె చివరికి. “సరే. సోమవారం సంది దీనికి నూనె ఎవరేస్తరు?”

“నువ్వే. మూడు చుక్కలు. నాలుగోది వేస్తే కారుతుంది. సాయంత్రం వెయ్యకు, పొద్దున వెయ్యి. డబ్బా ఆ కింది అరలో ఉంది.” కొంచెం ఆగి, “వేసేముందు వాసన చూడు,” అన్నాడు.

లంచ్ డబ్బా విప్పనే లేదు. అలాగే సంచిలో పెట్టుకున్నాడు. మైక్రోమీటరు కంపెనీది కనక తుడిచి సొరుగులో పెట్టాడు. స్వెటరు మీద కోటు, కోటు మీద మఫ్లరు. ప్రెస్సు మీద గుడ్డ కప్పబోయి, రత్నకుమారి ఇంకా పని చేస్తోందని గుర్తొచ్చి, గుడ్డను మడతపెట్టి బల్ల మీద ఉంచాడు. మూడుంపావు బస్సు దొరికితే నాలుగు కాకముందే మౌంటెన్ మీది ఇంట్లో ఉండవచ్చు. ఇక్కడివాళ్ళు ఆ ఊరి గట్టును మౌంటెన్ అని పిలుస్తారు. కొండవీడు చూసిన కళ్ళతో అతను ఇన్నేళ్ళూ దాన్ని చూసి లోపల నవ్వుకునేవాడు. ఈ రోజు బస్సు గట్టు ఎక్కుతున్నంతసేపూ అది ఎత్తుగానే కనిపించింది. తొందరగా వచ్చారేమని సరోజ అడుగుతుంది. ఏ జవాబు చెప్పాలో వంపు తిరిగేదాకా ఆలోచించాడు. చేతులు మంటగా ఉన్నాయనీ, ఇంకాస్త నూనె రాయమనీ అడుగుదామనుకున్నాడు.

షెడ్డులో అయిదు గంటలకు రత్నకుమారి చివరి బాక్సు మూసి, ప్రెస్సు మీద గుడ్డ కప్పి, టోపీ చెవుల మీదికి లాక్కుని వెళ్ళింది. డోరీన్ దీపాలు ఆర్పి, ఎప్పటిలాగే హీటరు పన్నెండుకు తగ్గించి, తలుపు తాళం వేసింది. కిటికీ గట్టు మీద, మంచు పొర కట్టడం మొదలైన ఒంటి అద్దం పక్కన, పొడుగు ముక్కు సీసాలో మిగిలిన నూనె అడుగు నుంచి మెల్లగా తెల్లబడసాగింది.